పాలసొర

సముద్రం ఈ ఊరికి మూడొందల కిలోమీటర్లు.
అయినా పొద్దున తొమ్మిదింటికి
ప్రగతినగర్‌లో బస్సు దిగి
నేను వెళ్ళేది సముద్రం దగ్గరికే.
రెండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే
ఒక గుట్టరాయి, ఒక నీళ్ళ ట్యాంకర్.

ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో
ఎక్కడ నీరు చల్లబడిందో, ఎక్కడ పచ్చబడిందో
సార్లు గీత గీస్తారు.
ఆ గీతకు నేను తెలుగు రాస్తాను:
పూడిమడకకు ఆగ్నేయంగా ఇరవై రెండు కిలోమీటర్లు,
లోతు ముప్పై బారలు.
ఇంతవరకు వల ముట్టుకోలేదు.

ఒకరోజు తస్నీమ్ మేడమ్‌ని అడిగాను:
అన్ని నీళ్ళుండగా చేప అక్కడికే ఎందుకు?
ఆమె నా టీ కప్పు తన ముందుకు లాక్కొని
పైన కట్టిన మీగడ మీద మెల్లగా ఊదింది.
మీగడ ముడతలు పడి అవతలి అంచుకు పోయింది.
ఇవతల, అడుగు టీ పైకొచ్చింది.
"గాలి చేసేది ఇంతే.
పైనీటిని ఒడ్డు నుంచి తోసేస్తుంది. ఖాళీ ఊరుకోదు.
ఏళ్ళ తరబడి చీకట్లో కుళ్ళి సారమైనదంతా
ఎండలోకి లేస్తుంది.
ఎండ తగిలితే పచ్చ, పచ్చకు పురుగు,
పురుగుకు కవళ్ళు, కవళ్ళకు కానాగంతలు,
వాటి వెనక..."
కప్పు తిరిగిచ్చేసింది. టీ చల్లారింది.

వాటి వెనక ఏముందో ఫోన్లో చెప్పింది మైలపల్లి నూకన్న.
అతను చేసేది తిట్టడానికే.
"నువ్వు రాసినకాడ ఏటీ లేదు బావూ, డీజిలు దండగ!"
కోపం దిగాక గొంతు మారుతుంది:
"పచ్చనీరూ నీలంనీరూ ఒరుసుకునే గీత మీద
నురగ తేల్తాది, సెత్త తేల్తాది, పిట్టలు మూగతాయి.
తాబేలు తల ఎత్తి సూత్తాది.
ఏనుగంత సొర నోరు తెరిసి పురుగే తింటాది,
ఎవుర్నీ ఏటీ అనదు.
సుత్తితల సొర అడుగున తిరుగుతాది.
పెళ్ళి బోజనాలే అనుకో.
కొందరు తినడానికొత్తారు,
కొందరు తినబడ్డానికి.

కడుపుతో ఉన్న సొర మాత్రం అక్కడుండదు.
ఏటిమొగకొత్తాది, మడసెట్ల నీడకి.
ఆడపిల్ల పుట్టింటికి పురిటికొచ్చినట్టు.
ఆ బురదలోకి పెద్ద నోళ్ళు దూరవు మరి.
కంటాది, ఎల్లిపోతాది. ఎనక్కి సూడదు."

మా చెల్లి ప్రసూన నీళ్ళాడి పదకొండు రోజులు.
పాలు చాలడం లేదు.
ఆదివారం అమ్మ నన్ను రామ్‌నగర్ పంపింది.
చేపల మార్కెట్లో ఐసు కరిగి చెప్పుల్లోకి వస్తోంది.
పోచవ్వ థర్మోకోల్ పెట్టె మూత తీసింది.
మూరెడు కూడా లేవు,
బూడిదరంగువి, కళ్ళు తెరిచే ఉన్నాయి.
"పాలసొర బిడ్డా. బాలెంతకు పెట్టు, పాలు పడ్తయ్."

తల్లిపాలు ఎరగని చేపకు
ఆ పేరు ఎవరు పెట్టారో.
ఒకదాన్ని వెల్లకిలా తిప్పాను.
తెల్లటి పొట్ట మీద, రెక్కల మధ్య,
ఇంకా మూసుకోని బొడ్డు.
ఇంట్లో మేనకోడలికి మొన్ననే ఊడింది.

నేను రాసేది లోతునీళ్ళ సంగతే,
మొగ గురించి ఎప్పుడూ రాయలేదు
అని లోపల లెక్క చెప్పుకుంటున్నాను,
ఎవరూ అడగకుండానే.
వెనక జనం తోస్తున్నారు.
"కొయ్యాల్నా?" అంది కత్తిపీట ముందు పోచవ్వ.
పాప ఏడుపు గుర్తొచ్చింది.
కొయ్యమన్నాను.

సోమవారం ప్రకటన చివర ఒక వాక్యం ఎక్కువ రాశాను:
ఈ నెలలో మొగల దగ్గర సన్నకన్ను వల వెయ్యవద్దు.
తస్నీమ్ మేడమ్ రెండుసార్లు చదివింది.
కొట్టెయ్యలేదు. పంపనూ లేదు.
రెండు టీలు తెప్పించింది.
మీగడ కట్టేదాకా
ఇద్దరం ఊదకుండా కూర్చున్నాం.